టైలరమ్మకి సరిపోయిన డైరీ

అనకాపల్లిలో ఒక పుస్తకాల షాపు. బ్లౌజులు కుట్టే ఆవిడ కౌంటరు మీద నాలుగు డైరీలు పరుచుకుని తేల్చుకోలేకపోతోంది. షాపతను ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు.

"జేబులో పట్టేది తీసుకోండక్కా."

"చీరకి జేబేదీ తమ్ముడూ? ఇంత చిన్నదైతే గుడ్డముక్కల్లో కలిసిపోద్ది."

"అయితే రోజుకో పేజీ ఉన్నది?"

"నిరుడు అదే కొన్నాను. జనవరి ఒకటిన రంగు పెన్నులతో ముగ్గేసినట్టు రాసేను. రెండో తారీకు నుంచి దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టేను."

"మరి ఆర్డర్లెక్కడ రాసుకున్నారు?"

"బుర్రలో. అందుకే మా వీధిలో సిరి పెళ్లి బ్లౌజు మర్చిపోయేను. పాపం ఆ పిల్ల, వాళ్లత్త బ్లౌజుకి పిన్నీసులు పెట్టుకుని చర్చికెళ్లింది."

"అయ్యో! తిట్టలేదా?"

"తిట్టినా బాగుణ్ను. నిన్న వచ్చి, చెల్లి పెళ్లికీ నన్నే కుట్టమంది. ఏడుపొచ్చేసింది తమ్ముడూ."

"అయితే ఈ స్పైరల్‌ది చూడండి. వారమంతా ఒక్కచోటే కనబడతాది. కాగితం మందం, ఆర్డరు పక్కనే గుడ్డముక్క పిన్ను చేసుకోవచ్చు."

"ఇదే ఇవ్వు. మిషనుకి ఎదురుగా మేకుకి తగిలిత్తాను. ఆ పెన్నిలా ఇవ్వు, సిరి చెల్లి బ్లౌజు ఇప్పుడే రాసేత్తాను."

"ఎప్పటికి కావాలంట?"

"ఇరవైకి. నేను పదిహేడని రాత్తన్నాను."

"మీరే తప్పు రాసుకుని, మీరే నమ్ముతారా?"

"ఎందుకు నమ్మను? రేపటికి ఇరవయ్యన్న మాట నాకు గుర్తుంటాదేటి?"