ఎర్ర దారం కట్టిన కొమ్మ

నాచారంలో ఓ అపార్ట్‌మెంటు మేడ మీద. మధ్యాహ్నం. రెండో అంతస్తు సంతోషి బట్టలు ఆరేస్తోంది. మూడో అంతస్తు కనకమహాలక్ష్మిగారు ఒక కరివేపాకు రెమ్మ పట్టుకొచ్చి, అడగాల్సింది అడగలేక ఆమె వెనకాలే తిరుగుతున్నారు.

“ఊరికే అడుగుతున్నానమ్మాయ్. ఈ ఆకు మీద ఉన్నది దుమ్మే అయ్యుంటుందిలే.”

“దుమ్ము గింత గుండ్రగ ఉంటదా ఆంటీ? జర ఎండకు పట్టుండ్రి.”

“గసగసం గింజంత ఉంది. పుప్పొడేమో?”

“గోరుతోని గీకిన్రా?”

“గీకాను. కడిగాను కూడా. వదల్లేదు.”

“అయితే గుడ్డు. సీతాకోకచిలుకది.”

“అబ్బ, ఇవాళ ఆ మాట అనకు! పేనుబంకేమో సరిగ్గా చూడు.”

“పేనుబంకైతే కుప్పలు కుప్పలుగ ఉంటది. ఇది లేత ఆకులు సూసి, ఒక్కోదాని మీద ఒక్కటే పెడ్తది. మా బిడ్డ ప్రజ్ఞ నాకు రోజూ ఇదే పాఠం. పెట్టినప్పుడు పసుపు రంగుంటదట, పురుగు బయటికొచ్చే ముందు నల్లగైతదట.”

“నల్లగా ఉన్నవీ ఉంటాయా?”

“మీరు సూసిన్రా?”

“అబ్బే. ఊరికే.”

“ఆంటీ, ఇది ఏ కొమ్మది?”

“ఈ కుండీలో నీ చెట్టుదే, ఏదో కొమ్మ. కావలసినప్పుడు తెంపుకోమన్నావుగా. తెల్లారకుండా మడితో వచ్చాను, కళ్ళజోడు కూడా లేదు.”

“ఎర్ర దారం కట్టిన కొమ్మనా?”

“ఆ దారం... చెట్టుకి దిష్టి తగలకుండా నువ్వు కట్టావనుకున్నాను. ఆ కొమ్మే లేతగా ఉంది మరి.”

“అయ్యో, ప్రజ్ఞ కట్టింది! గుడ్లున్నయి, ఎవ్వరు తెంపొద్దని. మిగిలిన రెమ్మలు ఇటియ్యుండ్రి, గ్లాసు నీళ్లల్ల పెడ్దాం.”

“లేవు.”

“చెత్తల ఏసిన్రా?”

“లేదు.”

“మరేం జేసిన్రు?”

“ఇవాళ మా అత్తగారి తద్దినం.”

“అయితే?”

“పచ్చడి చేశాను.”

“ఆంటీ!”

“అరవకు, ఆయన ఇంట్లోనే ఉన్నారు! బ్రాహ్మలు మారు అడిగి మరీ వడ్డించుకున్నారు. ‘అచ్చం మా అమ్మ చేతి పచ్చడే’ అని ఈయన కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళంతా వెళ్ళాక, మిగిలిన ఈ ఒక్క రెమ్మ కంటబడింది. నవ్వు, నవ్వవే. గుడ్డు వండే గిన్నెలని మీ ఇంట్లో కాఫీ అయినా తాగనిదాన్ని.”

“నేను నవ్వుతలేను ఆంటీ.”

“ఆయనకి చెబితే తద్దినం చెడిందని కుమిలిపోతారు. చెప్పకపోతే నా లోపల ఇది కుళ్ళుతుంది.”

“తెల్వక జేసినదానికి పాపమేంది?”

“తెలిసి చేసింది ఒకటుందిగా.”

“ఏంది?”

“ఏం లేదులే.”

“చెప్పుండ్రి.”

“మొన్న పిల్ల పుట్టినరోజు. ప్లేట్లో కేకు పెట్టుకుని వచ్చింది. గడప బయటే ఆపేశాను. ‘గుడ్డు కేకు నా ఇంటికి తెస్తావా, బుద్ధుందా’ అన్నాను. నీకు చెప్పే ఉంటుంది.”

“చెప్పలే. మీరు తిన్నరనే అన్నది, ‘అమ్మమ్మ తిన్నది’ అని.”

“తిన్నాననా?”

“మస్తు నచ్చిందన్నరని చెప్పింది.”

“అయ్యో తల్లీ... ఆ ప్లేటు పట్టుకుని లిఫ్టు దగ్గరే నిలబడింది సంతోషీ. చివరికి వాచ్‌మన్ చంద్రయ్య చేతిలో పెట్టేసింది. తలుపు సందులోంచి అంతా చూశాను. పిలవాలనిపించింది, పిలవలేదు. అప్పట్నుంచి అది మా గుమ్మం తొక్కలేదు.”

“పరీక్షలని వస్తలేదనుకున్న.”

“పరీక్షలూ కాదు, పాడూ కాదు. నేనే. ఇప్పుడు అది కాపలా కాసుకునేవి కూడా నూరేశాను. సాయంత్రం వచ్చి కొమ్మ చూసుకుంటే ఏమని చెప్పను?”

“నేను జెప్తలే.”

“వద్దు, నేనే చెబుతాను. నువ్వొక్కటి చెయ్యి. రేపు ఇంకో కేకు తెప్పించు. గుడ్డు వేసిందే తెప్పించు. దాని ఎదురుగా కూర్చుని తింటాను. ఆచారం ఏమైనా కానీ.”

“ఆంటీ...”

“అడ్డం చెప్పకు.”

“అది గాదు ఆంటీ. మొన్నటి కేకుల గుడ్డే లేకుండె. ‘అమ్మమ్మ తినాలె’ అని ఏడ్సి, ఉప్పల్‌ల దుకాణాలన్ని తిప్పి, గుడ్డు లేనిదే కొనిపిచ్చింది.”