రేపటి కొవ్వొత్తి

క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు, మొగలి ఆకుల దండలో గుచ్చి ఉంటాయి; వారానికొకటి వెలిగిస్తాం. శనివారం పొద్దువాలే వేళ, మా టోంగా దీవి మీద తుఫాను మబ్బు కమ్ముకుంటుండగా, మా అత్త, సెమిసి వాళ్లమ్మ, నన్ను చర్చిలో పట్టుకుంది.

"అది రేపటి కొవ్వొత్తే! ఎందుకు తీశావు?"

"సముద్రం వైపు కిటికీలో పెడతా అత్తా. చేపలకెళ్లిన సెమిసి పడవ ఇంకా రాలేదు. కరెంటు లేదు, రేవు ఎటో వాడికెలా తెలుస్తుంది?"

"చేపలు పడితే ఆలస్యమవదూ? గాలి వీస్తే చాలు, నువ్వు శవపేటికకి కొలతలు తీస్తావు."

"ఇంజను ఆగిపోయుంటే? రేపు ఆదివారం, పని చెయ్యకూడదని చట్టం, రేవులో పడవ కదలదు. ఎవరెళ్లి వెతుకుతారు?"

"ఆగమన కాలమంటే ప్రభువు కోసం ఓపిగ్గా ఎదురుచూడడమని పాస్టరు చెప్పలేదూ?"

"ఆయన తప్పక వస్తాడత్తా. ఆయన గురించి నాకు భయం లేదు. వీడి గురించే."

అత్త కిటికీ దగ్గరికెళ్లి సముద్రంకేసి చూసింది.

"మిగతా మూడూ తీసుకురా. ఒక్కటైతే అంత దూరానికి కనపడదు."

"మరి రేపు ఆరాధనకి?"

"వాడే వచ్చి మిగిలిన ముక్కలు వెలిగిస్తాడు. ఇదిగో అగ్గిపెట్టె, నువ్వే గియ్యి. గాలికి నేను అడ్డం నిలబడతా."