గూడ్సు బండి చాటు సన్నాయి

గదా? ఆఁ, వెనక గది ఖాళీయే, ముందు కూర్చో బాబూ. ఏటి, వాయిస్తావా? అందుకే ఎవరూ ఇల్లివ్వట్లేదన్నమాట. ఇవ్వరు నాయినా. ఈ రాయ్‌పూర్‌లో వాయించీవోడికి పెళ్ళిలో చాప పరుస్తారు గాని ఇంట్లో చోటివ్వరు. మా పైడిరాజూ అలాగే వచ్చాడు. సన్నాయి పైడిరాజు, విజయనగరం వైపోడు. ఇక్కడి రైల్వే తెలుగోళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ ఆడే. ఆడొచ్చింది రెండువేల ఆరో, ఏడో, సరిగ్గా గుర్తులేదు. శంకర్ నగర్ అద్దెలు ఆడికి అందవు. మూఢమొస్తే పొయ్యికీ మూఢమే కదా. తెలీబంధా పేటలో ఒక సేఠ్ గది ఇచ్చి, తెల్లారి సాధకం మొదలెట్టేసరికి, 'భైయా, యే పూఁ పూఁ యహాఁ నహీఁ చలేగా' అని, ఈ ఊదుడు ఇక్కడ కుదరదని, సామాను వీధిలో పెట్టించాడట. ధర్సీవాలో ఫేక్టరీల పక్కన కొన్నాళ్ళున్నాడు, ఆ పొగకి ఊపిరి నిలవక మా వీధికొచ్చాడు. ఊపిరే కదా ఆడి కూడు.

మా వీధి సంగతి నీకు తెలీదు. అందరూ డ్రైవర్లూ గార్డులూ. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటారు. ఎప్పుడు చూసినా ఏదో ఒకింట్లో నిద్దరే, పిల్లలు కూడా గుసగుసగా దెబ్బలాడుకుంటారు. మా ఇంటిది అప్పలనరసమ్మ, 'గది ఇస్తాను గాని బాబూ, ఎదురింటి డ్రైవరు వీరేంద్ర నిద్దర చెడితే నన్ను నిలువునా తినేస్తాడు' అంది. పైడిరాజు వెనక పట్టాలకేసి చూశాడు. 'గూడ్సు వెళ్ళేటప్పుడు వాయించుకుంటానమ్మా, ఎవరికీ వినబడదు' అన్నాడు. నేను నవ్వాను. ఆడు నవ్వలేదు. నిజంగా అలాగే చేశాడు. బొగ్గు బండి దూరంగా కూతేస్తే సన్నాయి తీసి తయారుగా కూర్చునేవోడు. గోడలదిరేలా బండి వచ్చేది, ఆడు బుగ్గలు పొంగించి ఊదేవోడు, ఆఖరి డబ్బా దాటేలోపు ఆపేసేవోడు. మళ్ళీ బండొచ్చేదాకా సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చోడమే. బండి వెళ్తున్నంతసేపూ కిటికీలోంచి వేళ్ళు కదలడం కనబడేది గాని ఒక్క స్వరం వినబడేది కాదు. పండగైనా పబ్బమైనా ఒక్కడే. మా ఇంటిది పులుసు పంపితే, గిన్నె కడిగి గుమ్మంలో పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేవోడు. జాలేసేది బాబూ.

ఒకనాడు మధ్యాన్నం, మాఘమాసం అనుకుంటా, గూడ్సు వచ్చి మా వెనకే ఎర్రసిగ్నలు పడి ఆగిపోయింది. ఆడు కళ్ళు మూసుకున్నాడు, చూసుకోలేదు. బండి ఆగింది, సన్నాయి ఆగలేదు. రాగం పేరు నాకు తెలీదు గాని, నా ఒళ్ళు ఝల్లుమంది. పెళ్ళిళ్ళలో బాజాల మధ్య విన్నదేటి, ఇదేటి! వీధంతా ఆడి గుమ్మంలోకొచ్చి నిలబడిపోయింది. వీరేంద్ర నిద్దరకళ్ళతో బనీను మీదే వచ్చాడు. పైడిరాజు కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి పాలిపోయాడు. 'తప్పైపోయింది బాబూ, బండి ఆగిందని తెలీలేదు' అన్నాడు. మా ఇంటిది కళ్ళొత్తుకుంటూ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. వీరేంద్ర, 'అంతటోడి ముందు బనీనుతో కూర్చుంటానా' అని హిందీలో గొణుక్కుంటూ చొక్కా కోసం ఇంటికెళ్ళాడు. నేను కుర్చీలు తేడానికెళ్ళాను, మిగతావోళ్ళు చాపలకోసం ఇళ్ళకెళ్ళారు. తిరిగొచ్చేసరికి గది ఊడ్చేసుంది. తాళంచెవి మేకుకి వేలాడుతోంది. ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిన చేతులో, ఎంతసేపు పడుతుంది? మేం మొహం తిప్పుకుని వెళ్ళిపోయామనుకున్నాడు పిచ్చోడు. వీరేంద్ర చొక్కా గుండీలు పెట్టుకుంటూనే స్టేషను దాకా పరిగెత్తాడు. దొరకలేదు. తరవాత ఎప్పుడో బిలాస్‌పూర్ పెళ్ళిలో డోలు వాయించీవోడు చెప్పాడు, పోయాడని. ఆ రాగం మిగతాది మేం వినలేదు.

మా ఇంటిదీ పోయింది. ఇప్పటికీ వెనక ఏ బండైనా ఆగితే చెవులు రిక్కిస్తాను. ఎంజిను చప్పుడే.

ఏటన్నావు? గోడలకి దుప్పట్లు కట్టుకుంటావా? అవేం వద్దు. అద్దె సంగతి తరవాత. నాది ఒకటే షరతు. గూడ్సు వెళ్ళేటప్పుడు మాత్రం వాయించకు. వినబడదు.