మూడో పేజీలో ఫోటో

(వంటింటి బల్ల మీద రంగురంగుల రిపోర్టు. అటు వదిన, ఇటు మరిది. మధ్యాహ్నం బ్యాంకతను వస్తాడు.)

"ఒక్క సంతకానికి ఇంతసేపా వదినా?"

"ఉండవయ్యా. ఈ గ్రాఫులో కడ్డీ ఏంటి, ఆకాశాన్ని అంటుతోంది?"

"ఈ నెల అమ్మకాలు. పెరిగాయిగా మరి."

"పోయిన నెల తొంభై, ఈ నెల తొంభై ఆరు. ఆరు కుక్కర్లకి ఇంత ఎత్తా?"

"కింద భాగం కత్తిరించాను. సున్నా నుంచి గీస్తే రెండూ ఒకలాగే కనబడతాయి."

"ఒకలాగే ఉన్నవి ఒకలాగే కనబడితే నీకేం నొప్పి?"

"అబ్బా, రిపోర్టంటే అందరూ ఇలాగే చేస్తారు వదినా."

"ఈ 'జనాదరణ వెల్లువ' కూడానా?"

"అంటే... బాగా కొంటున్నారని."

"ఆ ముక్కే రాయొచ్చుగా. చెయ్యి రాలేదా?"

"మీకు మొదట్నుంచీ నా మీద అనుమానమే. మీరు కాపురానికొచ్చిన కొత్తలో పంచదార డబ్బా ఖాళీ అయితే నన్నే నిలదీశారు."

"తిన్నది నువ్వేగా!"

"తిన్నాననుకోండి. అది వేరే సంగతి."

"నవ్వించి పేజీ తిప్పించకు. రెండో షాపు కోసం తాకట్టు పెట్టేది నా ఇల్లు. మా నాన్న నా పేర రాసిన ఇల్లు. అది కాస్తా పోతే పిల్లల్ని తీసుకుని ఎక్కడుండాలి, నీ వెల్లువలోనా?"

"అన్నయ్య ఒప్పుకున్నాడుగా!"

"మీ అన్నయ్య వట్టి అమాయకుడు. నువ్వెంత చెబితే అంత. పాపం, గోడౌన్ పనిలో పడి నెల్రోజులుగా షాపు గడపే తొక్కలేదు. 'వాడి రిపోర్టు చూడు, నీకే తెలుస్తుంది' అని నన్ను బతిమాలాడు. అందుకే చూస్తున్నా."

"చూశారుగా. ఇదిగో పెన్ను. ఇక్కడ పెట్టండి."

"ఆగు. పేజీ నిండా ఈ ఫోటో ఏంటి?"

"ఏదీ? ఆ... అదా. పోయిన సోమవారం మన షాపు ముందు క్యూ. నాలుగో పేజీ చూడండి, అక్కడింకా..."

"నాలుగో పేజీ ఎక్కడికీ పారిపోదు. నీకెందుకా చెమటలు?"

"ఫ్యాన్ లేదుగా."

"నెత్తి మీద తిరుగుతోంది చూడు. వీళ్ళందరి చేతుల్లో డబ్బాలున్నాయేంటి?"

"కొనుక్కున్నారు వదినా."

"కొనుక్కున్నవాళ్ళు బయటికొస్తారు. వీళ్ళ వీపులు మనవైపున్నాయి. లోపలికెళ్తున్నారు."

"ఇంకోటి కొనుక్కోవడానికేమో."

"మొదటిది మోసుకుంటూనా? ఈవిడ డబ్బాకి తాడు కట్టింది. ఇతనిది పైన చిరిగిపోయింది. ఇవన్నీ ఇంట్లో ఒకసారి విప్పిన డబ్బాలు. ఏదీ, నా కళ్ళలోకి చూసి చెప్పు."

"అదీ... అంటే..."

"చెప్పవోయ్!"

"మూత సరిగ్గా పట్టట్లేదు వదినా. ఆవిరంతా పోతోంది. వెనక్కి ఇచ్చేస్తున్నారు."

"ఎంతమంది?"

"అడక్కండి."

"అయ్యో అయ్యో! నా చేతి అన్నం తిని, నా చేత్తోనే నా ఇంటికి నిప్పు పెట్టిద్దామనుకున్నావా? ఈ సంగతి తెలిస్తే మీ అన్నయ్య నిన్ను గుమ్మం ఎక్కనివ్వడు. ఉండు, ఇప్పుడే ఫోన్ చేస్తా."

"వద్దు వదినా! అన్నయ్యకి మాత్రం వద్దు."

"ఏం? ఎందుకు వద్దు?"

"వద్దన్నానా. రిపోర్టు చింపేస్తాను. బ్యాంకతన్ని రావద్దంటాను. తప్పంతా నాదే, సరేనా? ఆ పేజీ ఇలా ఇచ్చేయండి."

"ఇవ్వను. ఈ ఫోటో తీసిందెవరు?"

"నేనే. ఇంకెవరు తీస్తారు?"

"షాపు గాజు తలుపులో ఫోన్ ఎత్తి పట్టుకున్న మనిషి కనబడుతున్నాడు. మొహానికి ఫోన్ అడ్డమొచ్చింది."

"అది నేనే వదినా."

"గళ్ళ చొక్కా."

"నాకూ ఉంది గళ్ళ చొక్కా."

"నీ చొక్కా జేబుకి ఎర్ర దారంతో కుట్టుందా? నల్ల దారం అయిపోతే ఆ కుట్టు నేనే వేశాను, పోయిన సోమవారం పొద్దున, గోడౌన్‌కి ఆలస్యమవుతోందని ఆయన తొందరపెడుతుంటే."