అనసూయమ్మ గారి ఆఖరి ఏడాది సెలవులు

1956 జూన్ 4వ తేదీన, మనమింకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న రోజుల్లో, శ్రీమతి అనసూయ గారు వరంగల్ కొత్తవాడలోని మన జంపఖానాల నేత శిక్షణ కేంద్రంలో సహాయ శిక్షకురాలిగా చేరారు. హనుమకొండ బజారులో గుడ్డలమ్మే ఇంటి ఆడబిడ్డ గుడ్డ నేసేచోటికి ఉద్యోగానికి పోవడమేమిటని బంధువర్గమంతా ముక్కున వేలేసుకున్నదట. వారు దానిని పట్టించుకోక, తాము నేర్చుకుంటూ, ఇతరులకు నేర్పుతూ, 1968 నాటికి ప్రధాన శిక్షకురాలి స్థానాన్ని అలంకరించారు. వారి విద్వత్తును గూర్చి, కార్యదీక్షను గూర్చి ఈ పదవీ విరమణ సంచికలో పెద్దలెందరో రాస్తున్నారు. వారి కోపాన్ని గూర్చి రాసే ధైర్యం ఎవరికీ లేనట్టుంది. హెడ్ క్లర్కునైన నేను ఇరవై ఏండ్లు ఆ కోపాన్ని అనుభవించినవాణ్ణి గనుక, అది ఎన్నడూ వారి సొంతానికి వచ్చింది కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

1973లో పూలమ్మ అనే ఆమె మరిపెడ దగ్గరి పల్లె నుండి బతుకుదెరువుకు వచ్చి మన కేంద్రంలో నూలు చుట్టే కూలికి కుదిరింది. వెంట పదమూడేండ్ల కూతురు మొగిలమ్మ. ఆ పిల్ల ఎవరి ముఖమూ చూడదు, పలకరిస్తే పలకదు, గంట మోగితే చెవులు మూసుకొని గోడకు ఒదుగుతుంది, కూర్చునే చోటు మారితే ఆ పూట అన్నం ముట్టదు. గాలి సోకిందన్నవారున్నారు, తాయెత్తు కట్టినవారున్నారు. అనసూయ గారు మాత్రం, పిల్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గంటను తీసేయండని మా మీద విరుచుకుపడ్డారు. గంట పోయింది. వెనుక గదిలో ఒక మూల మొగిలమ్మకు స్థిరపడింది. దారాలు ఏ వరుసలో సాగాలో అనసూయ గారు నోటితో చెప్పక, పక్కన కూర్చొని తాము నేసి చూపారు. చారలు నేయడానికి మొగిలమ్మకు రెండేండ్లు పట్టింది. చుట్టూ అందరమూ విసిగిపోయాము, వారిద్దరూ తప్ప.

1982లో అనసూయ గారు తల్లీకూతుళ్లను వెంటబెట్టుకొని హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరుకు చూపించారు. దీనిని ఆటిజం అంటారని, ఇది పుట్టుకతోనే ఉండేదని, వయసు పెరిగినా ఇది పోదని ఆయన చెప్పారట. అప్పటికి మొగిలమ్మ ఇరవై రెండేండ్ల మనిషి, తన కూలి తాను సంపాదిస్తున్న మనిషి. పేరు తెలిసినందుకు పూలమ్మకు ఊరట కలుగలేదు. తాను కన్నుమూసిన తర్వాత కూతురి బతుకేమిటన్నదే ఆ తల్లి బెంగ. మూడేండ్లకు ఆమె ఆ బెంగతోనే కన్నుమూసింది. మొగిలమ్మ అన్నగారి ఇంట్లో ఉంటూ పనికి రావడం మానలేదు.

అనసూయ గారు సెలవు పెట్టని ఉద్యోగి అని మనమంతా గొప్పగా చెప్పుకుంటాము. దానికొక కారణమున్నది. 1979లో వారికి విషజ్వరం వచ్చి దవాఖానాలో ఉన్నప్పుడు మొగిలమ్మ మగ్గం ముట్టలేదు. వారు వచ్చే తలుపు వైపు చూస్తూ, తిండి మానేసి, వారు లేచి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నది. ఆ తరువాత అనసూయ గారు సెలవన్న మాట ఎత్తలేదు.

నిరుడు ఎండాకాలంలో మొగిలమ్మ అన్న రాయమల్లు మా ఆఫీసుకు వచ్చాడు. అతడు చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

"పంతులమ్మా, మీరున్నన్ని దినాలే ఇది పని చేస్తది. మీరు దిగిపోతే మళ్ల గుమ్మంల కూసుంటది. నేను కూలికి పోతే దీన్ని ఎవలు చూస్తరు? ఊర్ల ఒక అర్ర ఉంది, అండ్ల ఉంచుత" అన్నాడు.

ఆ అర్రకు బయట గొళ్లెం ఉంటుందని అతడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అనసూయ గారు ఒక ఏడాది గడువు అడిగారు.

మరుసటి వారమే వారు నాకు సెలవు దరఖాస్తు ఇచ్చారు. ప్రతి బుధవారం ఒకటి, కొన్నాళ్లకు వారానికి రెండు, ఆ తరువాత వారాలకు వారాలు. రిటైరయ్యే ముందు మిగిలిన సెలవులన్నీ వాడుకుంటున్నారని స్టాఫంతా గుసగుసలాడారు. నేనే సాహసించి అడిగాను.

"సాంబయ్యా, ఇన్నేండ్లు దానికి నేత నేర్పిన. ఇప్పుడు నేను లేకుంటే ఎట్లుండాల్నో నేర్పుతున్న" అన్నారు.

రేపు రానని ముందురోజే మొగిలమ్మకు చెప్పేవారు, మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పేవారు, ఆ మాట తప్పేవారు కాదు. ఒక బుధవారం పై అధికారి తనిఖీకి వచ్చి కబురు పెడితే, సుబేదారిలో ఇంట్లోనే ఉండి కూడా రాలేదు. మెమో వచ్చింది. మెమోకు కాగితం మీద జవాబు రాస్తాను గాని మాట తప్పితే మొగిలికి ఏం జవాబు చెప్పేదని నన్నే గద్దించారు. జవాబు రాసింది మాత్రం నేనే.

మొదటి బుధవారాలు మొగిలమ్మ తలుపు వైపే చూసింది, అన్నం ముట్టలేదు. దసరా దాటాక తిన్నది. సంవత్సరాది నాటికి, వారు లేని రోజు కూడా మగ్గం మీద చెయ్యి ఆడింది. ఆ దినాల్లో ఒక ఉదయం, అనసూయ గారు మన కేంద్రం ఎదుటి చాయ్ హోటల్ నీడలో నిలబడి వెనుక గది కిటికీ వైపు చూస్తుండగా నా కంటబడ్డారు. ఇంతటి కోపిష్ఠి మనిషి నన్ను చూసి తడబడ్డారు.

"దానికైతే నేర్పిన గని, నాకు నేర్పెటోళ్లు ఎవరున్నరు?" అన్నారు. నాకు దుఃఖమొచ్చింది. చాయ్ చెప్పాను, ఇద్దరం తాగాము.

ఈ ఏడాది ఆగస్టు 31వ తేదీ సాయంత్రం, వారి ఉద్యోగ జీవితపు చివరి గడియలో, రాయమల్లు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. అనసూయ గారు వెనుక గదిలోకి వెళ్లి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చొని, రేపటి నుండి తాను రానని, ఇక ఏ రోజూ రానని మెల్లగా చెప్పారు. మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పని మాట వారు మొగిలమ్మతో అనడం అదే మొదటిసారి. మొగిలమ్మ తలెత్తలేదు. నూలు సర్దుతూనే పలికింది.

"నేనొస్త" అన్నది.

మరునాడు పొద్దున మేము తాళం తీసేసరికి ఆమె వచ్చి ఉన్నది. రాయమల్లు ఊరి మాట మళ్లీ ఎత్తలేదు.

పదవీ విరమణ చేసిన పెద్దలను తరచుగా వచ్చి పోతుండమని వేడుకోవడం మర్యాద. అనసూయమ్మ గారూ, మేము ఆ మర్యాద తప్పుతున్నాము. జర కొన్నాళ్లు ఇటు రాకండి. చాయ్ హోటల్ దగ్గరికి కూడా రాకండి. మీకు సంపూర్ణ ఆరోగ్యం, కంటినిండా నిద్ర, నిండు నూరేండ్ల ఆయుష్షు కలగాలని మనసారా కోరుకుంటున్నాము. ఆ నూరేండ్లలో ఏనాడూ మొగిలమ్మ కోసం మీరు భయపడవలసిన పని పడకూడదు. ఆ భారం ఇక మాది.