అమ్మమ్మ చేతిమీద పుట్టినవాళ్లు

అరవై ఒకటో సంవత్సరం వేసవిలో, అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని మా చిన్న చర్చిలో, ఊరందరికీ పురుళ్లు పోసిన ముసలామెకు సన్మానం జరుగుతోంది. నా ముందు బెంచీలో ఆమె కూతురూ, పద్నాలుగేళ్ల మనవరాలూ గుసగుసలాడుకుంటున్నారు.

"విన్నావా? అమ్మమ్మ చేతిమీద పుట్టినవాళ్లంతా లేచి నిలబడాలట. లే."

"నేను లేవనమ్మా."

"ఏం, కొత్త బూట్లు కరుస్తున్నాయా?"

"కాదు. ఆమధ్య బడిలో, మన నల్లవాళ్లలో గొప్ప ఆడవాళ్ల గురించి చెప్పమన్నారు. నేను విమానం నడిపినావిడ గురించి చెప్పాను."

"మంచిదేగా!"

"మీ ఇంట్లోనే ఒకావిడ ఉందిగా, ఆమె గురించి చెప్పవేం అని అడిగింది టీచరు. అందరూ నవ్వుతారని... మా అమ్మమ్మది పాతకాలపు మంత్రసాని పని, నేను మాత్రం అట్లాంటా ఆసుపత్రిలో పుట్టాను అనేశాను."

"ఆసుపత్రా! ఇక్కడ ఏ ఆసుపత్రి మనల్ని గడప తొక్కనిచ్చిందే? పుట్టగానే నువ్వు ఏడవకపోతే నీ నోట్లో ఊపిరి ఊదింది ఆవిడే."

"మెల్లిగా అమ్మా, వింటారు."

"విననీ. ఆ విసనకర్ర మొహానికి అడ్డం తీసి చూడు. సగం చర్చి లేచింది. పాస్టరుగారూ ఆవిడ చేతిమీద పుట్టినవాడే."

"అమ్మా... మా టీచరు మిస్ ప్రూయిట్ కూడా లేచింది."

"లేవదూ మరి? ఆమెకి బొడ్డు కోసిందెవరనుకున్నావ్?"

"ఇటే చూస్తోంది. నేను లేస్తే నా అబద్ధం ఆమెకి తెలిసిపోతుంది."

"లేవకపోతే అమ్మమ్మకి తెలిసిపోతుంది. అదిగో, ఒక్కొక్కరినీ చూసుకుంటూ మన బెంచీ దాకా వచ్చేసింది."