నూట యాభై సంచీ

అయ్యయ్యో, లేవండి బాబాయ్! పెద్దోరు, మీరు నా కాళ్ళు ముట్టుకోడమేటండి! ఆ సీర కూడా వద్దు, తీసీండి. డ్యూటీ దిగి దువ్వాడ నుంచి ఇంత దూరం ఇందుకా ఒచ్చినారు? నిన్న మీ నిఖిత స్నేహితులు, మొన్న మా క్లబ్బు నడిపే నాగవంశీ సారు, ఈ రోజు మీరు. "ఈశ్వరి సేతి మడతే ఆ పిల్లని బతికించింది." ఇని ఇని సెవులు మూసుకోవాలనుంది.

కూకోండి. నాను కూకోలేను. మూడ్రోజులై ఒక్క సోట నిలవలేకపోతన్నాను.

మీ అమ్మాయి ఏటి సెప్పిందండి? ఇమానంలోంచి దూకింది, మొదటి పేరాషూట్ తెరుసుకోలేదు, దాన్ని ఒగ్గేసి రెండోది లాగింది, జీడితోటలో పడింది, సీలమండ ఇరిగింది. అంతే కదా? ఎందుకు తెరుసుకోలేదో సెప్పిందా? పాపం, దానికే తెలీదు!

ఇనండి. నిఖిత ఈపున ఏసుకునే సంచీ నూట యాభై సదరపు అడుగుల పేరాషూట్ గుడ్డకి సరిపడా కుట్టినది. దాని గుడ్డ సిరిగి రిపేరుకెళ్ళింది. మా క్లబ్బులో ఖాళీగా ఉన్న గుడ్డ నూట తొంభై. పెద్ద గుడ్డని సిన్న సంచీలో కుక్కితే ఏటవుతాది? బిగుసుకుపోతాది, లాగినా రాదు. సిన్న గుడ్డని పెద్ద సంచీలో ఏత్తే వదులైపోయి, ఎప్పుడు పడితే అప్పుడు బయటికొచ్చేత్తాది. రెండూ పేణం మీదకే. నాకు తెలీదనుకుంటన్నారా? ఏ గుడ్డకి ఏ సంచీయో ఆ గోడ మీద పట్టిక అంటించింది నానే!

మరెందుకంటారా? అదే అడగండి. అలా సూడకండి, అడగండి.

ఆదివారం పొద్దున్న పిల్ల బతిమాలింది, "అక్కా, ఈ ఒక్కసారికి" అని. "పడుతుందా ఈశ్వరీ?" అన్నారు సారు. పట్టదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అచ్యుతాపురం బట్టల కంపెనీలో తొమ్మిదేళ్ళు మడతెట్టినాను బాబాయ్. ఈశ్వరి సెయ్యి పడితే పరుపైనా పర్సులో పడతాదనీవోరు. ఆ పొగరు నాకు! మోకాలేసి నొక్కినాను. మూత పిన్ను నాలుగుసార్లు జారింది. ఐదోసారి పడింది. సుట్టూ ఉన్నోళ్ళు సప్పట్లు కొట్టినారండి!

ఏటీ? రెండోదా? దాన్ని నాను ముట్టుకోకూడదు, నాకు లైసెన్సు లేదు. బెంగుళూరులో ఎవరో మడతెట్టి సీలేసి పంపుతారు. మీ పిల్లని బతికించింది ఆ మనిషి. పేరు కూడా తెలీదు నాకు.

తెరుసుకోనిది ఉంది సూడండి, అదే నాను మడతెట్టింది.

తిట్టండి, పడతాను. పోనీ, పదండి ఆస్పత్రికి. నిఖితకి నానే సెప్తాను. రేపా? రేపు ఒద్దు బాబాయ్. రేపటికి నోరు మూసుకుని మళ్ళీ మంచిదాన్నైపోతాను.